రాజ్‌మోహన్ సారు పాయింట్లు

...అడగలేదు, ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరూ కాదనలేరు, రాజ్‌మోహన్ సారు తనను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే సరేననడానికో, కుదరదనడానికో ఒక చోటు ఉండేది. అడగనివాడికి ఏమని జవాబు చెప్పాలి? క్యాంటీన్ వెనక చేతులు కడుక్కునే చోట, జేబురుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, పక్కన ఎవరూ లేరని చూసుకున్నాకే తెలుగులోకి దిగాడు. తన దగ్గర హోటల్ పాయింట్లు పడి ఉన్నాయన్నాడు. పూణేకీ గుర్‌గావ్‌కీ కంపెనీ పని మీద తిరిగినన్నాళ్ళూ గది బిల్లు కంపెనీ కట్టింది, డబ్బు కట్టకుండా గది ఇప్పించే పాయింట్లు మాత్రం తన పేరున చేరాయి. నెలాఖరు దాటితే ఊరికే పోతాయి. ఇంటిదాన్నీ బిడ్డనూ తీసుకుని మద్రాసుకు పోయి ఒక రాత్రి ఉండి రమ్మన్నాడు. "నువ్వు కూడా శానా నలిగిపోయినావు ఆనందూ," అన్నాడు. అంతే. సోమవారం గురించి ఒక్క మాట లేదు.

మంచం అంచున కూర్చున్న ఆనందరాజ్ ఆ 'కూడా' దగ్గర ఆగిపోయాడు. ఇంకెవరితో పాటు? సారుతో పాటా? నలిగింది మునిరాజ్ చెయ్యి. మిగతావాళ్ళు అన్నం తింటున్నారు, షిఫ్టుకు పోతున్నారు, అదిగో, ఇలా హోటల్లో కూర్చుంటున్నారు.

మెత్తటి మంచం. కూర్చుంటే దిగిపోతుంది, లేస్తే మళ్ళీ చదునైపోతుంది. మనిషి కూర్చున్న గుర్తు ఉంచుకోదు. నేల మీద కార్పెట్టు అడుగుల చప్పుడు మింగేస్తుంది. తలుపు వేస్తే వేసిన శబ్దం రాదు. ఇనప రేకులు అచ్చుల్లో నొక్కే ప్రెస్‌షాపులో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నవాడికి ఈ నిశ్శబ్దం జబ్బు చేసినట్టుగా ఉంది. చెవుల్లో తన నెత్తురు తనకే వినిపిస్తోంది. ఎదుటి గోడ మీద టీవీలో 'వెల్‌కమ్ మిస్టర్ రాజ్‌మోహన్' అన్న అక్షరాలు వెలుగుతున్నాయి. కింద కౌంటర్లో అమ్మాయి ఆనందరాజ్ ఆధార్ కార్డు చూసే గది ఇచ్చింది. టీవీకి మాత్రం పాయింట్లు ఎవరివో వాళ్ళ పేరే తెలుసు. రిమోట్ నొక్కితే పాటలు వచ్చాయి, వార్తలు వచ్చాయి, ఆపేస్తే మళ్ళీ సారు పేరే వచ్చి నిలబడింది.

ఏంజెలిన్‌కు అది పట్టలేదు. ఆమెను ఇబ్బంది పెట్టింది స్నానాల గది. దానికి గోడ లేదు, గాజు పలక ఉంది. మంచం మీద కూర్చున్నవాళ్ళకు స్నానం చేసేవాళ్ళు కనిపిస్తారు. ఏ బుద్ధిలేనివాడు కట్టాడో అని తిడుతూ రెండు పెద్ద తువ్వాళ్ళు అడ్డం వేలాడదీసి, ఆ తర్వాత కూతుర్ని నీళ్ళతొట్టిలోకి దించింది. జనని బయటికి వచ్చి, పాదాల దాకా వేలాడే తెల్లటి అంగీ తొడుక్కుని, అద్దం ముందు చర్చి ఫాదరులా చేతులెత్తి దీవెనలు ఇచ్చింది. ఏంజెలిన్ నవ్వి నవ్వి మంచం మీద వాలిపోయింది. ఆమె అలా నవ్వడం ఆనందరాజ్ చూసి చాలా కాలమైంది. తిరువళ్ళూరు బజారులో మందుల షాపు కౌంటర్ వెనక పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే మనిషి. ఇంటికి వస్తే కాళ్ళు గోడకు ఎత్తిపెట్టి పడుకుంటుంది. ఈ నవ్వు కూడా సారు పాయింట్లలోదే. తీసేసి తిరిగి ఇవ్వడానికి లేదు.

ఆమె ఫోటోలు తీసింది. జనని అంగీలో, జనని దిండ్ల మధ్య, కిటికీ అవతల ఈత కొలను, పళ్ళెంలో ఆపిల్ పండు. భర్తను కూడా కిటికీ దగ్గర నిలబెట్టి నవ్వమంది. అతను నవ్వాడు. ఫోన్ మీద ఆమె బొటనవేలు కాసేపు ఆడింది. ఏం చేస్తోందో అతను అడగలేదు.

అతని తల అప్పటికే ప్రెస్సు దగ్గరికి వెళ్ళిపోయింది. రోజూ వెళ్తుంది, ఏ దారిన బయలుదేరినా అక్కడికే చేరుతుంది. ఆ ప్రెస్సు దిగాలంటే రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే రేకు దగ్గర ఏ చెయ్యీ ఉండదు. దాన్ని చేసినవాడి ఆలోచన అది. కానీ రేకు పెట్టి, రెండు చేతులూ వెనక్కి తీసి, నొక్కి, మళ్ళీ ముందుకు చాచి పని చేస్తే నెలాఖరు లారీ నిండదు. అందుకని ఒక బటన్ మీద చెక్కముక్క పెట్టి, అది నొక్కుకునే ఉండేలా టేపుతో కట్టేస్తారు. ఇక ఎడమచెయ్యి నొక్కుతూ ఉంటుంది, కుడిచెయ్యి రేకులు పెడుతూ ఉంటుంది. పాత మిషను, ఆ మోసం దానికి తెలియదు. ఆడిట్‌వాళ్ళు వచ్చే రోజున విప్పేస్తారు, వాళ్ళ కారు గేటు దాటగానే మళ్ళీ కడతారు. అన్ని షిఫ్టుల్లోనూ ఉన్నదే.

కట్టమని ఎవరూ చెప్పరు. రాజ్‌మోహన్ సారు షాపులోకి వస్తాడు, ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టే మీటర్ మీద అంకె చూస్తాడు, లైన్ లీడర్ ఆనందరాజ్ భుజం మీద చెయ్యి వేస్తాడు. ఫ్యాక్టరీ అంతా తమిళం. సారు తిరుత్తణి పక్క మగ్గాలవాళ్ళ బిడ్డ, ఇంజనీరింగ్ చదివి మేనేజరుగా పైకొచ్చినవాడు. తెలుగు మాట్లాడేది ఆ ఒక్క నిమిషమే. "నువ్వు చూసుకో ఆనందూ," అంటాడు. ఆ గొంతులో అన్నదమ్ముల చనువు ఉంటుంది. ఆ మాట విన్నాక రోజంతా ఆనందరాజ్ ఒళ్ళు తేలిగ్గా ఉండేది. తనను ఎంచుకున్నాడనిపించేది. ఇప్పుడు తలచుకుంటే ఆ తేలికే రోత పుట్టిస్తోంది.

ఆ రోజు కూడా చూసుకోమన్నాడు. ఆనందరాజ్ చూసుకున్నాడు. మునిరాజ్ ప్రెస్సు మీద చెక్కముక్క పెట్టి టేపు చుట్టింది తన చేతులే. టేపు కొస పట్టుకుని పళ్ళతో తెంపింది మునిరాజ్. "గట్టిగా కట్టన్నా, నీ చేతి కట్టు అంటే చర్చి గంట మాదిరి ఊగకుండా ఉండాల," అని ఎగతాళి కూడా చేశాడు. తిరుత్తణి నుంచి లోకల్ రైల్లో వచ్చే పిల్లాణ్ని ఈ పనిలో పెట్టించింది తనే. అన్నా అని తిరిగేవాడు.

కేక గుర్తులేదు. అందరూ కేక వేశాడంటారు. ఆనందరాజ్‌కు గుర్తున్నది వేరే. ప్రెస్సు పైకి లేచినప్పుడు తన కళ్ళు మొదట మీటర్ మీదికి పోయాయి. ఆ దెబ్బ కూడా లెక్కలో చేరింది. అది చూశాకే మునిరాజ్ వైపు చూశాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగబోరు. ఏ చట్టం కిందా ఇది తప్పు కాదు. కానీ పడుకోబోయే ముందు రోజూ అతనికి గుర్తొచ్చేది ఇదే.

సోమవారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. బటన్ కట్టింది ఎవరు, కట్టమన్నది ఎవరు అని లైన్ లీడర్‌ను అడుగుతాడు. మునిరాజే తొందరపడి కట్టుకున్నాడన్న మాట ఎలా పుట్టిందో గాని షాపంతా పాకింది. సారు ఆ మాట కూడా అనలేదు. అందరూ అట్లా అంటున్నారు గదా అని మాత్రం అన్నాడు. అదే రాసుకుంటే తప్పు మునిరాజ్ నెత్తిన పడుతుంది, నష్టపరిహారం తెగ్గోస్తారు, చెయ్యి లేనివాడికి ఇంకో పని చూపించే బాధ్యత కంపెనీకి ఉండదు. ఉన్నది ఉన్నట్టు చెబితే టేపు పట్టిన చేతులు ఆనందరాజ్‌వి. 'చూసుకో' అన్న మాటను ఏ ఇన్‌స్పెక్టరూ ఉత్తరువు కింద రాసుకోడు. పని పోతుంది, కేసు కూడా కావచ్చు. మునిరాజ్ మద్రాసు పెద్దాసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఇప్పుడు ఇల్లు చేరాక కూడా, ఆనందరాజ్ చూడడానికి పోలేదు. రేపు పోదాం అనుకోవడం మాత్రం మానలేదు.

పొద్దు వాలుతుండగా ఏంజెలిన్ సంచిలోంచి చిత్రాన్నం గిన్నె తీసింది. గది పాయింట్లలో పొద్దుటి టిఫిను మాత్రమే కలిసి ఉందని, మిగతా ఏది ముట్టుకున్నా బిల్లు వేస్తారని ఆమె ముందే కనుక్కుంది. బల్ల మీద పెట్టిన నీళ్ళసీసాను కూడా మూత తీయనివ్వలేదు. కార్పెట్టు మీద పసుపు మరక పడుతుందని పేపరు పరిచి, ముగ్గురూ కింద కూర్చుని తిన్నారు. జనని తిని, అంగీతోనే పోయి మంచం మీద కార్టూన్ పెట్టుకుంది.

ఏంజెలిన్ గొంతు తగ్గించి, సోమవారం ఏం చెప్పబోతున్నారని అడిగింది. ఆమెకు ఫ్యాక్టరీలో మాటలన్నీ తెలుసు. మందుల షాపుకు అందరూ వస్తారు. అతను ఇంకా తేల్చుకోలేదన్నాడు.

"తేల్చుకునేదానికి ఏముండాది? మీరేం అబద్ధం చెప్పొద్దు. నేను చూడలేదని చెప్పండి. చూడలేదంటే ఒకరి మీద చాడీ చెప్పినట్టు కాదు గదా."

"చూడలేదని ఎట్ల చెప్పేది?"

"నోటితోనే. మీరు లైనంతా తిరిగే మనిషి, ఒక్క మిషను కాడనే నిలబడుకోని ఉంటారా?"

అతను పేపరు మీద పడ్డ మెతుకులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. ఏరినవాటిని ఎక్కడ వేయాలో తెలియక అరచేతిలో పట్టుకున్నాడు.

"కట్టింది నేను," అన్నాడు.

మంచం మీద జనని కార్టూన్ చూసి నవ్వుతోంది. ఏంజెలిన్ గిన్నెకు మూత పెట్టింది, పేపరును నాలుగు మడతలు వేసింది, మడతల మీద గోరుతో గీసింది.

"అది నాకెందుకు చెప్తా ఉండారు?" అంది. "నేను అడిగినానా?"

ఆ మాట అనేసి తనే భయపడ్డట్టు భర్త ముఖంలోకి చూసింది. తర్వాత అతని అరచేతిలోని మెతుకులు తన చేతిలోకి ఒంపుకుని, లేచి పోయి, స్నానాల గదిలో చేతులు కడుక్కుంది. కడుక్కుంటూ చాలాసేపు ఉంది. కుళాయి కట్టేసినా తువ్వాళ్ళ వెనకనుంచి రాలేదు. వచ్చాక, జననికి వచ్చే ఏడు పెద్ద తరగతి అని, కాన్వెంటు మార్చే పని లేకుండా చూడాలని, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. అతను తల ఊపాడు. ఆమెను తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. తనకు ఇన్ని వారాలుగా లోపల వినిపిస్తున్న గొంతే అది. బయట మరొకరి నోట విన్నప్పుడు ఇంత చిన్నగా ఉందేమిటా అనిపించింది, అంతే.

ఆ రాత్రి ముగ్గురిలో జనని ఒక్కతే నిద్రపోయింది.

ఆదివారం ప్రార్థనకు పోకుండా ఏంజెలిన్ టిఫిను తినడం పెళ్ళయ్యాక అదే మొదలు. కింద హాల్లో, వెండిలా మెరిసే మూతల కింద లోకంలోని తిండంతా పేర్చి ఉంది. జనని పళ్ళెంలో పూరీ పక్కన కేకు, కేకు మీద పుచ్చకాయ ముక్క పెట్టుకుంది. ఆనందరాజ్ ఇడ్లీ తెచ్చుకున్నాడు. కాఫీ పోయడానికి వచ్చిన కుర్రాడు గది నంబరు చూసి, గుడ్ మార్నింగ్ మిస్టర్ రాజ్‌మోహన్ అన్నాడు. ఆనందరాజ్ గుడ్ మార్నింగ్ అన్నాడు. నోరు దానంతటదే అనేసింది. ఇదీ ఇంతే, అనుకున్నాడు. సోమవారం కూడా నోరు దానంతటదే ఏదో ఒకటి అంటుంది, తను పక్కన కూర్చుని వింటూ ఉంటాడు.

అప్పుడే ఏంజెలిన్ ఫోన్ మోగింది. నిన్న మధ్యాహ్నం జనని ఫోటోలను ఆమె వాట్సాప్ స్టేటస్‌గా పెట్టింది. తెలిసినవాళ్ళందరూ పెడతారు, కొత్త చీర కట్టినా, బిరియానీ తిన్నా. ఎవరెవరు చూస్తారని ఎవరూ ఆలోచించరు. ఆమె కూడా ఆలోచించలేదు. స్టేటస్ చూసి మాట పంపింది సెల్వి, మునిరాజ్ పెళ్ళాం. సెల్వికి తెలుగు మాట్లాడడమే గాని రాయడం రాదు, అందుకని ఎప్పుడూ గొంతే పంపుతుంది. ఏంజెలిన్ అలవాటుగా నొక్కింది. ఆ పెద్ద హాల్లో, చెంచాలు పళ్ళేలకు తగిలే సన్నని చప్పుళ్ళ మధ్య, వెనక మగ్గాల రొదతో సెల్వి గొంతు పెద్దగా వచ్చింది.

"అక్కా, ఫోటో చూసినా. జనని ఆ తెల్లంగీలో డాక్టరమ్మ మాదిరి ఉండాది, దిష్టి తీయి. అక్కా, మద్రాసులోనే ఉండారు గదా, ఒక పని చేస్తావా? ఆడ పెద్ద షాపుల్లో అంటించుకునే వేష్టి దొరుకుతుందంట, నడుముకాడ వెల్‌క్రో పెట్టింది. ఈయన లుంగీ నన్ను కట్టనీడు. తలుపు ఏసుకోని ఒంటి చేత్తో దాంతో కొట్లాడతా ఉంటాడు, జారిపోతే ఏడుస్తాడు. మా మామ నేసిందంతా లుంగీలే, ఇంటి నిండా లుంగీలే అక్కా, ఏం చేసేది. బావకి చెప్పు. బావ వస్తాడని ఈయన రోజూ వీధి పక్క చూస్తా ఉంటాడు."

పక్క బల్ల దగ్గర తెల్లవాళ్ళ దంపతులు తలెత్తి చూసి మర్యాదగా చూపు తిప్పుకున్నారు. ఏంజెలిన్ ఫోన్‌ను బోర్లా పెట్టింది. మళ్ళీ తీసి, స్టేటస్ చెరిపేసింది. చెరిపేశాక కూడా ఆ ఫోన్‌ను చూస్తూనే కూర్చుంది. ముఖం ఎర్రబడింది. సెల్వి గొంతులో ఎత్తిపొడుపు వెతికి వెతికి ఆమెకు దొరకలేదని ఆనందరాజ్‌కు అర్థమైంది. అతనూ అదే వెతికాడు. కాస్త దెప్పి ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకోవచ్చు. సెల్వి నిజంగానే వేష్టి అడిగింది. ఇన్నాళ్ళలో ఈ వ్యవహారంలో తనను నోరు తెరిచి ఒకటి అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

గది ఖాళీ చేసేముందు ఏంజెలిన్ పక్క సర్ది, తువ్వాళ్ళు పిండి ఆరవేసి, స్నానాల గది నేల తుడిచింది. వాళ్ళు చేసుకుంటారులే అని అతనన్నా వినలేదు. వచ్చే ఆడమనిషి ఏమనుకుంటుందో అంది.

వేష్టిల షాపులో ఆనందరాజ్ ఒక్కడే లోపలికి పోయాడు. షాపతను పెట్టె విప్పి, పంచెను నడుము చుట్టూ తిప్పి టక్కున అంటించి చూపించాడు. పెళ్ళిళ్ళకు వేష్టి కట్టడం చేతగాని పిల్లకాయలు తెగ కొంటారని, ఇప్పుడు వాళ్ళకంటే ఎక్కువ అమెరికావాళ్ళు కొంటున్నారని తమిళంలో నవ్వుతూ చెప్పాడు. ఎవరికి సార్ అన్నాడు. తమ్ముడికి అన్నాడు ఆనందరాజ్. పెళ్ళా సార్ అంటే అవునన్నాడు.

తిరుత్తణి రైల్లో కొండగుడిలో గుండు కొట్టించుకోబోయేవాళ్ళు, కావడి కట్టెలు, పసిబిడ్డలు, పూలబుట్టలు. ఏంజెలిన్ కిటికీ దగ్గర కూర్చుంది. పట్టాభిరామ్ స్టేషను దాటాక, వేష్టి తను వారంలో ఎప్పుడైనా పోయి ఇచ్చి వస్తానంది. వాళ్ళు దిగాల్సిన తిరువళ్ళూరులో ఆమె లేచింది, జనని లేచింది, సంచులు తలుపు దాకా పోయాయి. ఆనందరాజ్ లేవలేదు. వెనక్కి తిరిగి చూసిన ఏంజెలిన్‌కు అడగాల్సిన పని లేకపోయింది. జనాన్ని తోసుకుంటూ తిరిగి వచ్చి అతని మీదికి వంగింది.

"ఇచ్చేసి వచ్చేయండి," అంది. "కూచోవద్దు."

తిరుత్తణిలో మునిరాజ్ ఉండే వీధిలో ఏ ఇంటి ముందు గదిలో చూసినా మగ్గమే. కరెంటు మగ్గాలు. వీధి మొదట్లోనే నేల అదురుతుంది. ఆనందరాజ్‌కు ఆ రొద చెవిన పడగానే ఒళ్ళు వదులైంది. నిన్నటినుంచి మొదటిసారి ఊపిరి సరిగా ఆడింది. అందుకు కూడా సిగ్గుపడ్డాడు. మునిరాజ్ తండ్రి చౌడయ్య మగ్గం మీదనుంచి తలెత్తి, గొంతు వినపడదు గనుక, రమ్మని గడ్డంతో లోపలికి చూపించాడు.

మునిరాజ్ వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు నడుము నిక్కరు వేసుకున్నాడు. కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్ను గుచ్చి ఉంది. ముఖం నిండింది, పని లేక కూర్చుంటే నిండే మాదిరిగా. ఆనందరాజ్‌ను చూడగానే ఆ భుజం ముందుకు కదిలింది, మంచం మీదనుంచి లేవడానికి ఆనుకోబోయి, ఆనడానికి చెయ్యి లేక ఒక పక్కకు ఒరిగాడు. ఒరిగి, నవ్వేశాడు.

"హోటల్ ఎట్ల ఉండిందన్నా? నీళ్ళతొట్టిలో పడుకున్నావా?"

"లేదు. జనని పడుకునింది."

"అయ్యో, ఫ్రీగా వచ్చినప్పుడు పడుకోవద్దా? సారు పాయింట్లంట గదా. సెల్వి చెప్పింది." కంపెనీలో ఈ సంగతి అందరికీ తెలిసినట్టుంది. "బాగుండాది. మంచాయన."

సెల్వి కాఫీ తెచ్చింది. వేష్టి పెట్టె చూసి ముఖం వెలిగింది. బావా అంటూ అక్కడే విప్పి, భర్త నిక్కరు మీదనే చుట్టి అంటించింది. మునిరాజ్ లేచి నిలబడ్డాడు. ఎడమచేత్తో ఒకసారి తనే తీసి, తనే అంటించుకున్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ అంటించాడు. ఆ చప్పుడు వాళ్ళ ముగ్గురికీ మగ్గాల రొదలో కూడా వినిపించింది. తర్వాత ఉన్నట్టుండి కూర్చున్నాడు. ముఖం మీద చెమట పట్టింది. సెల్వి అతని భుజం వెనక దిండు పెట్టింది.

నొప్పా అని ఆనందరాజ్ అడిగాడు.

"నొప్పి కాదన్నా. లేని చెయ్యి ఉండాది చూడు, అది పిడికిలి విప్పడం లేదు. రేకు పట్టుకోనే ఉండాది. వదిలెయ్ రా అని నేనే చెప్తా ఉంటాను, వినదు. డాక్టరమ్మ అద్దం పెట్టుకోని, ఉన్న చెయ్యి విప్పతా అందులో చూస్తే పోతుందనింది." గొంతు మామూలుగానే ఉంది. "నీకు సోమవారం కదన్నా, ఇన్‌స్పెక్టరు?"

ఆనందరాజ్ తల ఊపాడు.

"నీ పేరు నేను చెప్పలేదు. ఆసుపత్రిలో పోలీసాయన అడిగినాడు, కట్టింది ఎవరని. గుర్తులేదన్నాను. నాకు పని ఇప్పించినోడివి, బిడ్డ ఉండాది నీకు. సారు కూడా పండ్లు తీసుకోని వచ్చినాడు. గుర్తు లేకపోతేనే మనసుకు మంచిది మునిరాజూ అన్నాడు."

"నిన్ను ఏమైనా అడిగినాడా?"

"లేదన్నా. నిన్ను అడిగినాడా?"

"లేదు."

మునిరాజ్ నవ్వాడు, ఈసారి నోటితో మాత్రమే. "ఎవర్నీ ఏమీ అడగడన్నా ఆయన. పండ్లు ఇస్తాడు."

సెల్వి గడప దగ్గర నిలబడి వింటోంది. కట్టింది ఎవరో ఆమెకు ఇంతవరకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఆనందరాజ్ ఆమె వైపు చూడలేకపోయాడు. ఆమె చేతిలో ఖాళీ వేష్టి పెట్టె మెల్లగా వంగిపోవడం మాత్రం చూశాడు. తను ఈ గదికి ఎందుకు రాలేదో ఇప్పుడు తేటగా తెలిసింది. మునిరాజ్ తిడతాడని కాదు. తిట్టడని. తన పేరు దాచిపెట్టి ఉంటాడని లోపల ఎక్కడో తెలుసు. ఆ దాపరికం మీదనే ఇన్నాళ్ళూ పడుకుంటున్నాడు. ఆ మంచం కూడా మెత్తగానే ఉంది.

జేబులో ఫోన్ అదిరింది. తీశాడు. రాజ్‌మోహన్ సారు. గది ఎలా ఉందని అడగడానికి చేసి ఉంటాడు. చివర్లో ఎక్కడో రేపటి సంగతి అననట్టుగా అంటాడు. కాళ్ళు వాటంతటవే లేచాయి. సారు ఫోన్ వస్తే ఎక్కడున్నా లేచి, జనానికి దూరంగా పోయి, గొంతు తగ్గించి మాట్లాడడం అతని అలవాటు. కానీ వీధిలో అడుగు పెడితే మగ్గాల రొదలో మాట వినబడదు.

మగ్గం మీదనుంచి చౌడయ్య అతని చేతిలో ఫోన్ వెలగడం చూశాడు. ఆ వీధిలో ఎవరింట్లో ఎవరికి ఫోన్ వచ్చినా స్విచ్చుకు దగ్గరున్నవాళ్ళు అడక్కుండానే మగ్గం ఆపేస్తారు. ఊరినుంచి చావు కబురో, పెళ్ళి కబురో, నూలు కబురో వినపడాలి గదా. ముసలాయన లేచి రెండు మగ్గాల స్విచ్చులూ ఆపాడు. ఇల్లంతా ఒక్కసారిగా ఆగిపోయింది. పక్కింటి రొద దూరమైంది. చౌడయ్య, ఇక మాట్లాడు నాయనా అన్నట్టు చెయ్యి ఊపి, మగ్గానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎవరన్నా?" అన్నాడు మునిరాజ్.

ఆనందరాజ్ మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. ఫోన్‌ను మునిరాజ్ మడిచిన చొక్కాచేతికి ఎదురుగా, దుప్పటి మీద, ఇద్దరి మధ్య పెట్టాడు. కాల్ తీసుకున్నాడు. సారు గొంతు మొదలయ్యేలోపు, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కాడు.